ఎనిమిదో రీలు

మా దుకాణం నా పేరు మీద ఉంది. 1972లో మామగారు పోయాక, ఆదాయపన్ను తక్కువ పడుతుందని వకీలు చెప్తే, మా ఆయన మిర్చి అడ్తి దుకాణాన్ని వెనక గోదాముతో సహా నా పేరున రాయించారు. రాయించి మరిచిపోయారు. నేను మరిచిపోలేదు. ఈ సంగతి ముందు చెప్పకపోతే తర్వాత జరిగింది ఎవరికీ అర్థం కాదు.

అడ్తి అంటే, రైతు తెచ్చిన సరుకును మన దుకాణం ముందు దింపించి, కొనేవాళ్లను పిలిచి, ధర పలికించి, నూటికి ఇంత అని కమిషన్ తీసుకోవడం. వరంగల్లు మార్కెట్‌లో మిర్చి ధర పలికేది మచ్చు మీద. బస్తా మూతి దగ్గర ఎప్పుడూ మంచి కాయే ఉంటుంది. అది అందరికీ తెలుసు. అందుకే కొనేవాడు మోచేతి దాకా చెయ్యి పెట్టి నడుమ నుంచి పిడికెడు తీస్తాడు. కాయ విరిచి, గింజ చూసి, వాసన చూసి మాట చెప్తాడు. రంగు పోయిన తాలుకాయ ఉంటే అక్కడే బయటపడుతుంది. మా ఇంటి మగవాళ్లకు వచ్చిన విద్య అదొక్కటే. ఆ విద్యతోనే సినిమాల్లోకి దిగారు.

1975 దసరా నాడు సినిమాలకు అప్పులిచ్చే కంపెనీ తెరిచారు. వాటాదార్లు ఇద్దరే, మా ఆయన, మా మరిది. దుకాణం నుంచి నలభై వేలు, మరిది వాటా ఇరవై వేలు. స్టేషన్ రోడ్డులో మేడమీద ఒక గది, నెలకు తొంభై రూపాయల కిరాయి, కొత్తవాడలో నేయించిన జంపఖానా ఒకటి, ఫోను ఒకటి. హైదరాబాదులో పెద్ద ఫైనాన్స్ వాళ్లుండేవాళ్లు గాని, మా జిల్లా చిన్న పంపిణీదారును వాళ్లు గడప ఎక్కనిచ్చేవాళ్లు కాదు. వాడికి సినిమా ఆడించుకునే హక్కు ఉంటుంది, బాక్సు విడిపించుకునే డబ్బు ఉండదు. బాక్సంటే సినిమా రీళ్లున్న రేకు పెట్టె. అది రైల్లో వచ్చి పార్సిలాఫీసులో కూర్చుంటుంది. ఇక్కడ థియేటర్ ముందు జనం నిలబడి ఉంటారు. ఆ నడుమ గంటల్లో పంపిణీదారుకు కనబడే దేవుడు అప్పిచ్చేవాడే. మేం డబ్బు కట్టి బాక్సు విడిపిస్తాం. ఏ రోజు వసూలులో ఆ రోజు ముందు మా బాకీ తీరాలి. నూటికి నెలకు రెండు రూపాయలు మిత్తి.

మొదట వచ్చినవాడు హనుమకొండ మనిషి. ఎనిమిది వేలు కావాలన్నాడు. జంపఖానా మీద కూర్చుని కథ మొదలుపెట్టాడు. మా ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"కథొద్దు. మచ్చు చూపియ్యి."

"మచ్చేందన్నా? సినిమాకు మచ్చేంది?"

"నడుమ రీలు ఒక్కటి వేయించు. ముందల్ది వద్దు, ఎనకది వద్దు."

ఆ మనిషి నవ్వాడు గాని, అవసరం వాడిది. మర్నాడు పొద్దున ఖాళీ థియేటర్‌లో ఒక్క రీలు వేయించాడు. ఆ పూట మా అత్తమ్మ నేనూ వస్తానన్నది. మామగారు పోయినప్పటినుంచి ఆమె సినిమాకు పోలేదు. పోతే నలుగురూ ఏమంటారోనని భయం. పొద్దున్నే ఖాళీ హాల్లో, టికెట్ లేకుండా, ఇంటి పనిమీద పోతే అది సినిమాకు పోవడం కాదని ఆమె తేల్చింది. ఎవరూ కాదనలేదు.

రీలైపోయింది. రిక్షాలో వస్తుంటే సగం దారిలో అత్తమ్మ అడిగిందట, "ఒరే, ఆ పిల్ల ఏమైతదిరా తర్వాత?" అని. మా ఆయన రిక్షా ఆపించి, వెనక్కి తిప్పించి, ఎనిమిది వేలు ఇచ్చి వచ్చారు. ఆ సినిమా హసన్‌పర్తిలో రెండు వారాలు, పాలకుర్తి జాతరలో డేరా కింద పది రోజులు ఆడింది. రెండు నెలల్లో మిత్తితో సహా చేతికొచ్చింది.

అప్పటినుంచి అదే పద్ధతి. నడుమ రీలు అత్తమ్మకు చూపిస్తారు. ఇంటికి చేరేలోపు 'తర్వాత ఏమైతది' అని అడిగితే అప్పు ఇస్తారు. అడగకపోతే లేదు. ఒకసారి పేరున్న హీరో సినిమా వచ్చింది. ఊరంతా దానిమీదే ఉంది. అత్తమ్మ రీలు చూసి రిక్షా ఎక్కి, "వంకాయలు కిలో ఎంతున్నయిరా?" అని అడిగింది. మా ఆయన ఇవ్వలేదు. నాలుగో రోజు ఆ సినిమా ఎత్తేశారు. ఆ వంకాయల మాట థియేటర్ల వాళ్లందరికీ పాకింది. ఎవరి సినిమా అయినా పడిపోతే, "సేటమ్మ వంకాయలడిగిందట" అనేవాళ్లు.

నేను మాత్రం ఎన్నడూ పోలేదు. రమ్మని పిలవకపోలేదు. మా దుకాణంలో ఒక కట్టుబాటు ఉంది. ధర రాసే మనిషి బస్తాలో చెయ్యి పెట్టకూడదు. కంపెనీ లెక్క రాసేది నేను. 1979 చివరకు పదకొండు సినిమాల మీద ఇచ్చారు. రెండు మునిగాయి, తొమ్మిది తేలాయి. ఖర్చులు పోను డెబ్బై ఒక్క వేలు మిగిలింది. మరిది స్కూటర్ కొన్నాడు. జంపఖానా తీసేసి కుర్చీలు వేశారు.

లాభం వచ్చింది, నెమ్మది పోయింది. మిర్చి ధర పలికే చోట కూడా మా ఆయన చెవి ఫోను మీదే ఉండేది. అన్నం ముందు కూర్చుని లేచేవారు. విజయవాడ బండి ఆలస్యమైతే తన పెళ్లి బండి ఆలస్యమైనట్టు ప్లాట్‌ఫారం ఈ కొసనుంచి ఆ కొసకు తిరిగేవారు. దగ్గర డబ్బున్నప్పుడు ఎవరికివ్వాలా అని, ఇచ్చాక ఎప్పుడొస్తుందా అని. ఇద్దరు అన్నదమ్ములకూ ఒకటే మాట. ఆడే సినిమా మీద ఇస్తే వచ్చేది పిడికెడు, తీసే సినిమా మీద ఇస్తే బస్తా. మద్రాసు పేరు ఇంట్లో రోజూ వినబడేది.

మద్రాసు 1982 ఫిబ్రవరిలో తానే వచ్చింది. ఒక నిర్మాత. తెల్ల బట్టలు, మెత్తటి మాట, కృష్ణా జిల్లా మనిషి. వస్తూ వస్తూ రేకు డబ్బా ఒకటి చంకలో పెట్టుకొచ్చాడు.

"ఎనిమిదో రీలు తెచ్చానండి సేట్‌గారూ. మీ పద్ధతి విన్నాను. సరిగ్గా నడిమిది."

మా ఆయన మురిసిపోయారు. ఇంటికొచ్చి చెప్పినప్పుడు నేను ఒకటే అన్నాను. "మచ్చు మనం తియ్యాలె గని, అమ్మేటోడు తీసిస్తడా?"

మరిది నవ్వాడు. "వదినా, నీకు బంగారం చూపించినా తాలే కనవడ్తది."

మర్నాడు పొద్దున రీలు చూసి వచ్చారు. అత్తమ్మ ఇంటికి చేరేదాకా ఆగలేదు. రిక్షా కదలకముందే అడిగింది. ఇంటికొచ్చి నాకు చెప్పింది. వంటింట్లో కూర్చుని మళ్లీ చెప్పింది. సాయంత్రం పక్కింటివాళ్లకు చెప్పింది. మొగుడు జైల్లో ఉంటాడు. భార్య రోజూ టిఫిన్ క్యారేజీలో అన్నం తెస్తుంది. ఆ రోజు మొగుడు తిని, గిన్నెలు తిరిగిచ్చి, "రేపటినుంచి తేవద్దు" అంటాడు. ఎందుకని ఆమె అడగదు. బయటికొచ్చి గిన్నెలు కడగబోతే అడుగు గిన్నెలో ఒక తాళంచెవి. ఏ తాళానిదో చెప్పలేదు. ఆమె ఆ ఊరి వీధులన్నీ తిరుగుతూ తాళమేసిన ఇల్లు కనబడితే చెవి పెట్టి చూస్తుంది. ఒకడు దొంగ అని తరుముతాడు. చివరికి ఒక తాళం తిరుగుతుంది. ఆమె తలుపు మీద చెయ్యి వేస్తుంది. రీలు అయిపోతుంది.

"ఆ తలుపెనక ఏమున్నది బిడ్డా?" అని నన్నడిగింది అత్తమ్మ.

"నాకేమెరుక అత్తమ్మా."

"నాకు నిద్ర వట్టది గదనే!"

ఆ వారమంతా మా ఇంట్లో ఆ తలుపు మాటే. సొమ్ముందని మరిది, శవముందని మా ఆయన. అత్తమ్మ రోజుకొకటి అనేది. మూడు వాయిదాల్లో లక్షా డెబ్బై అయిదు వేలు ఇచ్చారు. కంపెనీలో ఉన్నదంతా అదే. బదులుగా మద్రాసు ల్యాబ్ వాళ్ల ఉత్తరం వచ్చింది. ల్యాబంటే ఫిల్మ్ కడిగి ప్రింట్లు తీసే చోటు. మా అనుమతి లేకుండా ఆ సినిమా ప్రింటు బయటికి పోనివ్వబోమని దాని సారాంశం. "ఇగ సినిమా మన గోదాంల ఉన్నట్టే" అన్నాడు మరిది. గోదాములో ఎన్ని బస్తాలున్నాయో లెక్కపెట్టారా అని అడిగాను. తెచ్చిన రేకు డబ్బా మాత్రం, మార్కెట్‌లో మచ్చు సంచి కొన్నవాడి దగ్గరే ఉన్నట్టు, మా దగ్గరే ఉండిపోయింది.

దసరాకు విడుదల అన్నాడు. దసరా పోయింది. ఉగాదికన్నాడు. ఉగాదీ పోయింది. మా ఆయన ట్రంకాల్ బుక్ చేసి ఫోను పక్కనే కూర్చునేవారు. లైను కలిస్తే మనిషి దొరకడు, మనిషి దొరికితే మాట వినబడదు. చేతిలో తాళాల గుత్తి ఉంటే దాన్ని తిప్పుతూనే ఉండేవారు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ పడదు.

1983 మే నెలలో నిర్మాత మళ్లీ వచ్చాడు. ఇంకో మూడు లక్షలుంటే సినిమా పూర్తవుతుంది, లేకపోతే ఇచ్చింది కూడా పోతుందన్నాడు. బ్యాంకు ఇస్తానంది. దేనిమీద? దుకాణం, గోదాము మీద. కాగితాలు తయారై వచ్చాక గాని దుకాణం ఎవరి పేరున ఉందో అన్నదమ్ములకు గుర్తు రాలేదు.

కాగితాలు మా వంటింటి గట్టు మీద పెట్టారు. అత్తమ్మ పీట మీద కూర్చుంది. మరిది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇక్కడొకటి, ఇక్కడొకటి, రెండే సంతకాలు వదినా."

"దుకాణం పోతే?"

"ఎందుకు పోతది? అమ్మ అడిగిన సినిమా ఎన్నడన్న పోయిందా?"

"దుకాణంల మన పైసలే లేవు. రైతులు మిర్చి అమ్మి విత్తనాలదాకా ఉంచుమని మన దగ్గర పెట్టిపోతరు. రేపు బ్యాంకోడు తాళమేస్తే వాళ్లకేం చెప్తరు? తలుపెనక ఏమున్నదో చూస్తాన్నమని చెప్తరా?"

మా ఆయన తాళాల గుత్తి తిప్పుతున్నారు. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"పెట్టు బిడ్డా. నా కండ్లు మూతవడకముందు చూడాలె. ఆ పిల్ల ఎంత తిరిగిందో నువ్వు చూడలే గనుక గిట్లంటాన్నవు."

నిజమే, నేను చూడలేదు. చూసినవాళ్లు ముగ్గురూ ఒక దిక్కు, చూడని నేను ఒక దిక్కు. అప్పుడు నేనొక మాటన్నాను.

"మచ్చు మీరు చూసిండ్రు. నేను మొదటి రీలు చూస్త, ఆఖరి రీలు చూస్త. రెండు చూసి అక్కడనే సంతకం పెడ్త."

జూన్ మొదటి వారంలో కాజీపేటలో రైలెక్కి మద్రాసు పోయాం, మా ఆయన, నేను. దారి పొడుగునా ఆయన లేవడం, తలుపు దగ్గర నిలబడటం, వచ్చి కూర్చోవడం. కాగితాలు నా సంచిలో పులిహోర డబ్బా కింద ఉన్నాయి.

ల్యాబ్‌లో నిర్మాత మాకోసం కూల్‌డ్రింకులు తెప్పించాడు. ఎనిమిదో రీలు పెద్ద తెరమీద చూపిస్తానన్నాడు.

"అది వద్దు. మొదటిది వెయ్యుండ్రి."

"మొదటి రీల్లో ఏముంటుందమ్మా? పేర్లేగా పడేది."

"ఆ పేర్లే చూస్త."

"పేర్లు చివర్న వేస్తారమ్మా, అంతా అయ్యాక."

"సరే, ఆఖరి రీలు వెయ్యుండ్రి."

"ఆఖర్న అందరూ కలుస్తారు. ఏ సినిమాలోనైనా అంతేగా అమ్మా."

"తొమ్మిదోది? ఆ తలుపెనకది?"

ఆయన మెల్లగా అన్నాడు. "అది తీద్దామనేనమ్మా మీ దగ్గరికొచ్చింది."

నేను ల్యాబ్ మేనేజర్‌ను అడిగాను, ఈ సినిమావి ఎన్ని డబ్బాలున్నాయని. ఆయన మా ఉత్తరం చూశాడు, నిర్మాత మొహం చూశాడు, లోపలికి పోయి వచ్చాడు. నాలుగు, అన్నాడు. పూర్తి సినిమాకు పదహారు కావాలట. ఆ నాలుగూ ఏడు, ఎనిమిది, ఇంకా రెండు పాటలు. ల్యాబ్ బాకీ కూడా పదకొండు వేలు ఉందట, అది మాకంటే ముందు తీరాలట.

మా ఆయన కుర్చీలోంచి లేవలేదు. ఏడాదిన్నరలో ఆయన అంత కదలకుండా కూర్చోగా నేను చూసింది అప్పుడే. తర్వాత నిర్మాతతో అన్నారు. "ఎనిమిదోది ముందు తీసినవా?"

"మీరు అడిగేది అదేగా సేట్‌గారూ. ఉన్న డబ్బంతా దానికే పెట్టాను. బాగా తీశానా లేదా, మీరే చెప్పండి."

"బాగ తీసినవ్," అన్నారు మా ఆయన. కోపంతో అన్నమాట కాదు.

నేను సంతకం పెట్టలేదు. తిరుగు రైల్లో గూడూరు దాటాక ఆయన ఒక్కసారి అడిగారు. "మూడు లక్షలు పెడితె అయిపోతుండెనేమో?"

"పన్నెండు రీళ్లు తియ్యాలె. ఒక్క ఎనిమిదోదానికే ఎంతైందో ఆయననే అడగకపోయిండ్రా?"

కిటికీ దిక్కు తిరిగి కూర్చున్నారు.

ఆ ఏడు దసరాకు కంపెనీ బోర్డు దింపించారు. ఫోను తీసేశారు. స్కూటర్ అమ్మి గది కిరాయి బాకీ కట్టాం. కంపెనీ పోయింది. దుకాణం మిగిలింది. విత్తనాలకు వచ్చిన రైతులు డబ్బు అడిగిన రోజునే తీసుకుపోయారు. మరిది ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు. పండుగకు ఇంటికొచ్చి, "మా వదినను అడుగు, నీళ్లిస్తదా అని" అంటూ పక్కన నిలబడ్డ నాకే వినబడేట్టు మా ఆయనతో అనేవాడు. మా ఆయన మళ్లీ మిర్చి బస్తాలో చెయ్యి పెట్టారు గాని, సాయంత్రం మద్రాసు బండి వేళకు ఊరికే స్టేషన్ దాకా పోయి వచ్చేవారు. ఎందుకని నేనడగలేదు.

1985లో అత్తమ్మకు జబ్బు చేసింది. దవాఖానలో పద్దెనిమిది రోజులుంది. వార్డులో అందరికీ ఆ రీలు కథ చెప్పింది. అందరూ తలా ఒకటి అన్నారు. తలుపు వెనక రెండో పెళ్లాముంటదని నర్సు. పక్క మంచం ఆమెకు తోడొచ్చిన పాలకుర్తి రైతు, "ఏముంటదమ్మా, గింజలుంటయి, నేనైతె గింజలే దాస్త" అన్నాడు. అత్తమ్మకు ఏదీ నచ్చలేదు. ఒక మధ్యాహ్నం నేను గంజి తాగిస్తుంటే అన్నది, "నువ్వు చేసింది మంచిదే బిడ్డా. గని నాకు తెల్వకనే పోతాన్న." నేను చెంచా మళ్లీ నోటి దగ్గర పెట్టాను. ఆ నెలలోనే పోయింది.

రేకు డబ్బా గోదాములో మిర్చి బస్తాల మీద అయిదేళ్లు ఉంది. 1988 ఆగస్టులో, అప్పట్లో మావాళ్లు మచ్చు చూసిన థియేటర్ మూతబడుతుందని మేనేజర్ కబురు చేశాడు. మిషన్లు అమ్మేస్తున్నారు, సేటు ఒకసారి ఆ రీలు వేసుకుంటాడేమో అడుగుమన్నాడు. మా ఆయన నాతో చెప్పి ఊరుకున్నారు. రమ్మనలేదు.

"నేనూ వస్త," అన్నాను. రాయాల్సిన లెక్క ఏదీ మిగల్లేదు.

పొద్దున పదింటికి పోయాం. ఆపరేటర్ డబ్బా మూత తీసి ఏడుసార్లు తుమ్మాడు. రీలుకు మిర్చి ఘాటు పట్టింది. "ఏం సినిమా సేటూ ఇది, ఇంత కారమున్నది!" అని పైనుంచి అరిచాడు. దీపాలు ఆరిపోయాయి. ఖాళీ హాల్లో మేమిద్దరమే.

అత్తమ్మ చెప్పిందంతా వరసగా వచ్చింది. జైలు, గిన్నెలు, తాళంచెవి, వీధులు. ఆమె చెప్పనిది ఒకటుంది. తాళం తిరిగాక ఆ పిల్ల వెంటనే తలుపు తోయదు. ముందు టిఫిన్ క్యారేజీని గోడవారగా, దొర్లకుండా పెడుతుంది. చెయ్యి కొంగుకు తుడుచుకుంటుంది. అప్పుడు తలుపు మీద చెయ్యి వేస్తుంది. తెర తెల్లగా అయిపోయింది. మిషన్ చప్పుడు ఆగింది. నేను లేవలేదు.

రిక్షా ఎక్కాం. డబ్బా నా ఒళ్లో ఉంది. చౌరస్తా రాకముందే నా నోట వచ్చింది. "తర్వాత ఏమైతదండి?"

ఆయన నా దిక్కు చూసి, ముందుకు తిరిగారు. "సంతకం పెడితె తెలుస్తుండె."

"మూడు లక్షలకు తెలిసేది గాదు. ఇంకో నాలుగడుగుతుండె వాడు."

"అడుగుతుండె," అన్నారు. నవ్వుతున్నారని భుజం తగిలితే తెలిసింది.

డబ్బా పెట్టడానికి దుకాణం దగ్గర దిగాం. ఆ రోజు మార్కెట్‌కు సెలవు. తాళాల గుత్తి ఆయన నాకిచ్చారు. గోదాము తాళం తిరిగింది. డబ్బాను గోడవారగా పెట్టాను. చెయ్యి కొంగుకు తుడుచుకుని తలుపు తోశాను. లోపల ముప్పై ఏడు బస్తాలు, నిన్న సాయంత్రం పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.